పాత కారుకు కొత్త ఇగ్నిషన్ స్విచ్: ఒరిజినల్, కాపీ, యూనివర్సల్‌లలో ఏది కొనాలి?

పాత బళ్ళకు దొరికే ఇగ్నిషన్ స్విచ్‌లు మూడు రకాలు. బండి కంపెనీ పెట్టెలోనో, ఆ కంపెనీకి సరుకు సరఫరా చేసిన తయారీదారు పెట్టెలోనో వచ్చే ఒరిజినల్ ఒకటి. అదే ఆకారంలో, అదే కప్లర్‌లో (వైర్లన్నీ కలిసి వచ్చే ప్లగ్గులో) దూరేలా చేసిన కాపీ రెండోది. ఏ బండికైనా సరిపోతుందని అమ్మే నాలుగు పొజిషన్ల (ఆఫ్, యాక్సెసరీ, ఆన్, స్టార్టు) యూనివర్సల్ మూడోది. బిగించిన రోజున మూడింటితోనూ బండి స్టార్టవుతుంది, అందుకే కొన్న వెంటనే రాసే రివ్యూల్లో మూడింటికీ ఐదు స్టార్లే పడుతుంటాయి. అసలు తేడా లోపలి కాంటాక్టుల్లోనూ స్ప్రింగుల్లోనూ ఉంది. అది బయటపడేసరికి వాపసు ఇచ్చే గడువు దాటిపోతుంది.

కీ తిప్పే చోట ఉన్నదంతా ఒకే వస్తువు అనుకుంటారు గానీ, చాలా కార్లలో అక్కడ మూడు వేర్వేరు భాగాలుంటాయి. కీ దూరే బ్యారెల్ ఒకటి. దాన్ని పట్టుకుని స్టీరింగును లాక్ చేసే లోహపు హౌసింగ్ రెండోది. ఆ హౌసింగ్ వెనక రెండు చిన్న స్క్రూలతోనో క్లిప్పులతోనో కూర్చుని, వైర్ల కప్లర్ తగిలించుకున్న ప్లాస్టిక్ డబ్బా మూడోది. కరెంటును కలిపేదీ తెంచేదీ ఈ మూడోదే. దీన్నొక్కదాన్నే విడిగా మార్చుకోవచ్చు. కీ మారదు, సరైన చిప్ ఉన్న కీ లేకపోతే బండిని స్టార్టు కానివ్వని ఇమ్మొబిలైజర్ ఉన్న బళ్ళలో కూడా కీ చిప్‌తో దీనికి పని లేదు. లాక్ సెట్టు మొత్తం మార్చాలని ఎవరైనా అంటే ఎందుకో అడగండి. బ్యారెల్ అరిగిపోయి కీ ఆన్‌లో ఉండగానే ఊడి వస్తుంటే తప్ప దాని అవసరం పడదు.

కొనేముందు, పోయింది నిజంగా స్విచ్చేనా అన్నది తేల్చుకోవాలి. గట్టి గుర్తులు కొన్ని ఉన్నాయి. కీ ఆన్‌లో ఉండగా కాస్త కదిపితే డ్యాష్‌బోర్డు దీపాలు ఆరి మళ్ళీ వెలుగుతాయి. ఇంజను నడుస్తూనే ఉంటుంది గానీ వైపర్లు, బ్లోయరు, ఇండికేటర్లు కూడబలుక్కున్నట్టు ఒకేసారి ఆగిపోతాయి. స్టీరింగ్ కింద కాలిన ప్లాస్టిక్ వాసన వస్తుంది. కీ వదిలేశాక కూడా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. ఇవేమీ లేకుండా ఉత్తినే సెల్ఫ్ తీసుకోవట్లేదంటే మాత్రం స్విచ్ జోలికి వెళ్ళడానికి ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

మొదట బ్యాటరీ. బండి కాసేపు నిలిపి ఉంచాక 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. తర్వాత లోపలి లైటు వేసి కీ స్టార్టుకి తిప్పండి. హెడ్‌లైట్లతో ఈ పరీక్ష చేయమంటారు గానీ చాలా బళ్ళలో స్టార్టు పొజిషన్‌లో అవి వాటంతటవే ఆరిపోతాయి, దాంతో లేనిపోని అనుమానం వస్తుంది. లైటు బాగా మసకబారితే బ్యాటరీ, క్లాంపులు, ఎర్త్ స్ట్రాప్, సెల్ఫ్ మోటారు చూడాలి. లైటు అలాగే వెలుగుతూ, టక్కుమన్న చప్పుడు కూడా రాకపోతే కరెంటు సోలినాయిడ్ (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) దాకా చేరడం లేదన్నమాట. అయినా స్విచ్‌నే అనడానికి లేదు. ఆటోమేటిక్ అయితే గేరు లివర్‌ను పార్క్ నుంచి న్యూట్రల్‌కి మార్చి కొట్టి చూడండి. మాన్యువల్ అయితే క్లచ్ పెడల్ దగ్గర స్విచ్ ఉందేమో చూడండి. ఇవి రెండూ ఇగ్నిషన్ స్విచ్‌కీ సోలినాయిడ్‌కీ మధ్య వైర్లో ఉంటాయి, పోతే లక్షణం అచ్చం ఒకేలా ఉంటుంది.

ఇక మల్టీమీటర్. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, సోలినాయిడ్ మీది సన్నటి వైరు దగ్గర ఎర్ర ప్రోబు, బ్యాటరీ నెగెటివ్ మీద నల్ల ప్రోబు పెట్టి, పక్కవాళ్ళను కీ తిప్పమనండి. అక్కడ 12 వోల్టులు కనిపిస్తున్నా టక్కుమనకపోతే సోలినాయిడ్ పోయింది, స్విచ్ మీద డబ్బు తగలేయొద్దు. 7, 8 వోల్టులో, సున్నానో వస్తే దోషం అంతకు వెనక, స్విచ్ వైపు ఉంది.

దాన్ని స్విచ్ దాకా పట్టుకోవడానికి వోల్టేజ్ డ్రాప్ పరీక్షను (కరెంటు పారుతున్నప్పుడు దారిలో ఎంత వోల్టేజీ పోతోందో కొలవడాన్ని) మించింది లేదు. కింది కవర్ విప్పి, కప్లర్ తగిలించి ఉండగానే వెనక నుంచి ప్రోబు దూర్చాలి. హెడ్‌లైట్లు, బ్లోయరు ఫుల్, వైపర్లు అన్నీ వేసి కీ ఆన్‌లో పెట్టండి. ఎర్ర ప్రోబు స్విచ్‌లోకి వచ్చే బ్యాటరీ వైరు మీద, నల్లది బయటికి వెళ్ళే ఇగ్నిషన్ వైరు మీద. మీటరు 0.1, 0.2 వోల్టులు చూపిస్తే స్విచ్ బాగుంది. 0.5 దాటితే మార్చాల్సిందే. మధ్యలో ఉంటే ముందు కప్లర్ టెర్మినళ్ళు శుభ్రం చేసి మళ్ళీ చూడండి. తర్వాత ఎర్ర ప్రోబును బ్యాటరీ పాజిటివ్ మీదికి మార్చి, నల్లదాన్ని స్విచ్‌లోకి వచ్చే వైరు మీద పెట్టండి. నష్టం అక్కడ కనిపిస్తే తప్పు స్విచ్‌ది కాదు, బ్యాటరీ నుంచి వచ్చే ఫీడు వైరుదో, అందులో ఫ్యూజులా పనిచేసే ఫ్యూజిబుల్ లింకుదో. ఓం మీటరుతో కాంటాక్టు కొలిచి బాగుందని తేల్చేయడం పెద్ద పొరపాటు. మీటరు పంపే కరెంటు చిటికెడు, మాడిన కాంటాక్టు కూడా ఆ కాస్తకు దారి ఇచ్చేస్తుంది. లోడు పడ్డప్పుడే అసలు రంగు తెలుస్తుంది. కాంటాక్టులో 0.05 ఓంల నిరోధం చాలు, 20 ఆంపియర్లు పారితే ఒక వోల్టు పోతుంది, 20 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ ఒకటి ఆ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి వదిలేసినట్టే.

ఏ వైరు ఏదో తెలియకపోతే డబ్బా మీద ముద్రలు చూడండి. జర్మన్ డీఐఎన్ 72552 పద్ధతిలో 30 అంటే బ్యాటరీ నుంచి నేరుగా, 15 అంటే ఇగ్నిషన్, 50 అంటే స్టార్టర్. జపాన్ బళ్ళలో ఏసీసీ (యాక్సెసరీ), ఐజీ (ఇగ్నిషన్), ఎస్‌టీ (స్టార్టు) అని ఉంటాయి. లూకాస్ కంపెనీ వైరింగ్ ఉన్న పాత బ్రిటిష్ బళ్ళలో గోధుమ రంగు బ్యాటరీ వైరు, తెలుపు ఇగ్నిషన్, తెలుపు మీద ఎర్ర గీత స్టార్టరు. దశాబ్దాల క్రితం ఎవరో వైరింగ్ మార్చిన బండి అయితే రంగుల్ని నమ్మొద్దు, మీటర్నే నమ్మండి.

మనల్ని పక్కదారి పట్టించే సందర్భాలు మూడున్నాయి. సెల్ఫ్ కొడుతున్నంతసేపు ఇంజను అందుకుని, కీ వదలగానే ఆగిపోతుంటే అందరి చూపూ స్విచ్ మీదే పడుతుంది. పాయింట్లు, కాయిల్ ఉన్న పాత పెట్రోలు బళ్ళలో కాయిల్‌కి వెళ్ళే కరెంటును తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ తెగినా అచ్చం ఇలాగే అవుతుంది. స్టార్టులో కరెంటు దాన్ని తప్పించుకుని కాయిల్‌కి వెళ్తుంది, ఆన్‌లో దాని గుండా వెళ్ళాలి. కొలిస్తే సుమారు ఒకటిన్నర ఓంలు రావాలి, అసలేమీ రాకపోతే అదే దొంగ. రెండోది, కీ ఒరిగినట్టు వదులుగా తిరుగుతూ ఏమీ జరగకపోవడం. బ్యారెల్ తిప్పుడును స్విచ్‌కి అందించే పోత లోహపు నాలుక విరిగితే ఇలా అవుతుంది. స్విచ్‌ను హౌసింగ్ నుంచి తీసి, కప్లర్ తగిలించి, లోపలి గాడిలో చదును స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పి చూడండి. అన్నీ పనిచేస్తే స్విచ్ నిర్దోషి. ఈ పరీక్షలో బండి నిజంగానే స్టార్టవుతుంది, గేరులో ఉంచారో ముందుకు దూకుతుంది. అలాగే కీ లోపలే ఉంచండి, లేకపోతే స్టీరింగ్ లాక్ పడిపోతుంది.

మూడోది ఛార్జింగ్ సంగతి. లైట్లు, బ్లోయరు వేసినప్పుడు బ్యాటరీ హెచ్చరిక దీపం మసగ్గా వెలిగితే ఆల్టర్నేటర్ విప్పేస్తారు. ఆ దీపానికి ఒకవైపు ఆల్టర్నేటర్, రెండోవైపు ఇగ్నిషన్ వైరు. స్విచ్‌లో వోల్టు పోతే రెండు వైపులా తేడా వచ్చి దీపం వెలుగుతుంది, ఆల్టర్నేటర్ పాపమేమీ లేదు. ఇగ్నిషన్ వైరు మీది వోల్టేజీని చూసుకుని ఛార్జింగ్ తేల్చే పాత రెగ్యులేటర్లున్న బళ్ళలో ఇంకా వింత. స్విచ్‌లో పోయిన వోల్టును రెగ్యులేటర్ బ్యాటరీ డౌన్ అనుకుని, ఛార్జింగ్ పెంచేసి, బ్యాటరీని మరిగిస్తుంది.

సరే, పోయింది స్విచ్చేనని తేలింది. ఏది కొనాలి?

పాతదాన్ని విప్పి చూస్తే ఎందుకు పోయిందో కళ్ళ ముందే ఉంటుంది. కీతో పాటు తిరిగే ప్లాస్టిక్ క్యామ్, దాని మీద స్ప్రింగు పట్టిన రాగి పలకలు, కింద స్థిరంగా ఉండే టెర్మినళ్ళు. ఆన్ కాంటాక్టు చుట్టూ గ్రీజు గోధుమ రంగు జిగురులా గట్టిపడి ఉంటుంది. స్టార్టు కాంటాక్టు అంచున సూదితో పొడిచినట్టు గుంటలు. సోలినాయిడ్ కాయిల్‌కు కరెంటు తెంచిన ప్రతిసారీ పుట్టే నిప్పురవ్వ చేసిన పని అది. దాని కింద ప్లాస్టిక్ కాస్త కుంగి ఉంటే కాంటాక్టు ఒత్తిడి అప్పటికే పోయింది. ఇలాంటిదాన్ని గీకి, రుద్ది మళ్ళీ బిగించడం ఆ రోజుకు ఇల్లు చేరడానికి సరే, అంతకు మించి లాభం లేదు. పైన వెండి పూత పోయి ఉంటుంది.

ఒరిజినల్‌లో ఈ వెండి పూతే మనం కొనే సరుకు. పలకలు మందం, పొజిషన్ మారేటప్పుడు స్పష్టమైన మెట్టు చేతికి తెలుస్తుంది, స్టార్టు నుంచి వదలగానే చటుక్కున వెనక్కి వస్తుంది. ఉత్పత్తి ఆగిపోయిన మోడళ్ళకు మాత్రం పెట్టెలో ఏళ్ళ తరబడి నిలవున్నది దొరుకుతుంది, దాని గ్రీజు ఎండి ఉండొచ్చు. బిగించేముందు నలభై, యాభై సార్లు చేత్తో తిప్పి, బిగుసుకుపోతోందేమో చూడాలి. ఒరిజినల్ అన్న మాట కూడా గుడ్డిగా నమ్మాల్సింది కాదు. 2014లో జనరల్ మోటార్స్ షెవర్లే కోబాల్ట్, శాటర్న్ అయాన్ లాంటి కార్లను స్విచ్ కారణంగానే వెనక్కి పిలిచింది. మెట్టు దగ్గర స్ప్రింగు బలహీనంగా ఉండి, నడుస్తుండగానే కీ ఆన్ నుంచి యాక్సెసరీకి జారిపోయేది. ఇంజను, పవర్ స్టీరింగ్ ఆగిపోయేవి, ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. బాధితుల కోసం కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మరణాలను దీనికి ముడిపెట్టింది. మధ్యలో ఆ భాగాన్ని మార్చినా పార్ట్ నంబరు మార్చలేదు, అందువల్ల పాతదీ కొత్తదీ ఒకే నంబరుతో కలిసిపోయాయి. కాబట్టి పార్ట్ నంబరు కలిసిందన్నంత మాత్రాన పని అయిపోలేదు, కీ తిప్పినప్పుడు మెట్టు గట్టిగా ఉందా అన్నది చేతికే తెలియాలి.

కాపీల్లో మంచివీ ఉన్నాయి, చెత్తా ఉంది. పైపైన చూసి చెప్పలేం, బల్ల మీద మీటరుతో పట్టుకోవచ్చు. మీటరును బీప్ మోడ్‌లో పెట్టి బ్యాటరీ టెర్మినల్‌కీ ఇగ్నిషన్ టెర్మినల్‌కీ తగిలించి, ఆన్ నుంచి స్టార్టుకి చాలా నెమ్మదిగా తిప్పండి. బీప్ ఎక్కడా తెగకూడదు. నాసిరకం కాపీల్లో ఈ మధ్యలో ఒక ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ స్టార్టు దాకా సాగితే సెల్ఫ్ తిరుగుతున్నంతసేపు స్పార్కు ఉండదు, కీ వదిలే క్షణంలో మాత్రం ఇంజను ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. తర్వాత యాక్సెసరీ టెర్మినల్ చూడండి, స్టార్టులో అది ఆఫ్ కావాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్లోయరు కూడా బ్యాటరీని పీలుస్తుంటే చలికాలంలో ఇబ్బంది తప్పదు. చాలా జపాన్ బళ్ళలో ఇగ్నిషన్ లైన్లు రెండుంటాయి, ఏది స్టార్టులో ఉండాలో వైరింగ్ బొమ్మతో పోల్చుకోవాలి. కీ లోపల మరిచిపోతే మోగే బజరు కాంటాక్టు కొన్ని కాపీల్లో అసలుండదు, టెర్మినల్ కాలు మాత్రం అలంకారానికి ఉంటుంది. కప్లర్ సరిపోయింది కదా అని పెట్రోలు బండి స్విచ్‌ను పాత డీజిల్‌కి పెట్టడం ఇంకో తరచు తప్పు. హీటర్ పొజిషన్ ఉండే డీజిల్ స్విచ్‌లో గ్లో ప్లగ్గులకు (స్టార్టుకు ముందు ఇంజనును వేడి చేసేవాటికి) వేరే టెర్మినల్ ఉంటుంది, 72552 లెక్కలో అది 19.

కాపీలకు వచ్చే ఫిర్యాదుల్లో ఒకటి మాత్రం వాటి తప్పు కాదు. మాడిన కప్లర్‌లోనే కొత్త స్విచ్ దూర్చడం. కప్లర్‌లోని ఆడ టెర్మినల్ ఒకసారి బాగా వేడెక్కితే దాని పట్టు పోతుంది, బిగించినా వదులుగానే ఉంటుంది. కొత్త బ్లేడు కూడా అక్కడే కాలుతుంది, ఒరిజినల్ పెట్టినా ఇదే గతి. నల్లబడిన టెర్మినల్ ఒక్కటి కనిపించినా, వైరును మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కోసి, కొత్త టెర్మినల్‌ను నొక్కి బిగించాలి (క్రింప్ చేయాలి). ప్లాస్టిక్ కరిగి ఉంటే కప్లర్ మొత్తం మార్చాలి. స్విచ్ కొనేటప్పుడే కప్లర్, నాలుగైదు టెర్మినళ్ళు కలిపి కొనడం మంచిది. ఇది చెయ్యని మరమ్మతు సగం మరమ్మతే.

యూనివర్సల్ స్విచ్ గురించి రెండు ముక్కలు చాలు. స్టీరింగ్ లాక్ లేని, డ్యాష్‌బోర్డుకు స్విచ్ బిగించే పాత జీపులు, ట్రాక్టర్లు, బోట్లకు ఇది సరైన వస్తువే. స్క్రూ టెర్మినళ్ళున్నది తీసుకోండి. 6.3 మిల్లీమీటర్ల ఒంటి బ్లేడు టెర్మినల్ పెట్టి 50 ఆంపియర్లు అని ముద్రించి ఉంటే అది ముద్ర మాత్రమే. స్టీరింగ్ లాక్ ఉన్న కారులో మాత్రం దీన్ని పక్కన పెట్టుకుని, అసలు కీని ఎప్పుడూ ఆన్‌లో ఇరికించి ఉంచడం ప్రమాదం. ఆ కీ ఎవరైనా తీస్తే మలుపులో స్టీరింగ్ బిగుసుకుంటుంది.

బిగించడం పెద్ద పనేమీ కాదు. బ్యాటరీ నెగెటివ్ తీయండి. స్టీరింగులో ఎయిర్‌బ్యాగు ఉంటే కనీసం పది నిమిషాలు ఆగండి. కోడ్ అడిగే రేడియో అయితే ఆ కోడ్ ముందే రాసిపెట్టుకోండి. కింది కవర్ స్క్రూలు తీసి, కప్లర్ల ఫోటో తీసుకుని, విప్పండి. స్విచ్ స్క్రూల మీద లక్క లాంటి రంగు పూసి ఉంటే దాన్ని గీకాక సరైన కొలత స్క్రూడ్రైవర్ వాడండి, చిన్న స్క్రూ తల పాడైతే చేతికందని చోట నరకం. పాతది తీసేటప్పుడు కీ ఏ పొజిషన్‌లో ఉందో కొత్తదాన్నీ అదే పొజిషన్‌కి తిప్పి గాడి కలపాలి. కలవకుండా స్క్రూలతో లాగితే ప్లాస్టిక్ క్యామ్ చీలుతుంది, స్విచ్ ఆ క్షణమే పోతుంది. 1969 మోడల్ నుంచి వచ్చిన జీఎమ్ కార్ల పద్ధతిలో, స్విచ్ స్టీరింగ్ కాలమ్ మీద కిందెక్కడో ఉండి పొడవాటి రాడ్డుతో కదిలే బళ్ళలో సర్దుబాటు తప్పదు. బిగించే రంధ్రాలు పొడవుగా ఉంటాయి. స్టార్టు అందకపోయినా, వదిలాక వెనక్కి రాకపోయినా, స్విచ్‌ను కొద్దిగా జరిపి చూడాలి గానీ స్విచ్‌ను తిట్టి లాభం లేదు. హౌసింగ్ మొత్తం తీయాల్సి వస్తే తలలు తెగిన బోల్టులుంటాయి, మధ్యలో పంచ్ కొట్టి డ్రిల్ చేసి తీయాలి. అది వేరే రోజు పని.

కీ బిగుసుగా ఉందని బ్యారెల్లో నూనె స్ప్రే చేయొద్దు. అది కింద స్విచ్‌లోకి దిగి, గ్రీజును కరిగించి, రాగి పొడితో కలిపి కాంటాక్టుల మధ్య పూస్తుంది. గ్రాఫైట్ పొడి చాలు.

ఏ స్విచ్ కొన్నా, సోలినాయిడ్‌కి ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టడం స్విచ్ ఆయుష్షు పెంచే పని. 40 ఆంపియర్ల నాలుగు కాళ్ళ రిలే, 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 30 ఆంపియర్ల ఫ్యూజు. స్విచ్ నుంచి సోలినాయిడ్‌కి వెళ్ళే వైరును రిలే 86కి, 85ని ఎర్త్‌కి, బ్యాటరీ పాజిటివ్ దగ్గరే ఫ్యూజు పెట్టి అక్కణ్ణుంచి 30కి, 87ని సోలినాయిడ్‌కి కలపాలి. డయోడ్ ఉన్న రిలే అయితే 85, 86 తారుమారు కాకూడదు. హెడ్‌లైట్ల కరెంటు ఇగ్నిషన్ స్విచ్ గుండా వెళ్తుంటే వాటికీ రిలే పెట్టొచ్చు. ఇగ్నిషన్ లైనుకు మాత్రం ఈ పని ఆలోచించి చెయ్యాలి. నాసిరకం రిలే నడుస్తుండగా మొరాయిస్తే, ఏ జబ్బు తగ్గించుకోవడానికి స్విచ్ మార్చామో ఆ జబ్బే తిరిగొస్తుంది.

ఒరిజినల్ దొరికితే అదే కొనాలన్నది మా అభిప్రాయం, దాని పెట్టె ధూళి పట్టి ఉన్నా సరే. దొరక్కపోతే బల్ల మీద బీప్ పరీక్ష నెగ్గిన కాపీ, పక్కన రిలే, కొత్త టెర్మినళ్ళు. బిగించాక అన్ని లోడ్లూ వేసి పావుగంట నడిపి, కవర్ తీసి కప్లర్‌ను వేలితో తాకండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే కవర్ మూయకండి, డ్రాప్ మళ్ళీ కొలవండి. కీ గుత్తిలో బండి కీతో పాటు ఇంటి తాళాలన్నీ వేలాడుతుంటే అవీ తీసేయండి.